ఓర్వలేని బాబాయ్, ఒక్క మచ్చ లేని ఆకు

మా బాబాయ్‌కి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఎవరి దగ్గర ఏమున్నా ఓర్వలేరు.

అది అందరికీ ఉండేదే కదా అనకండి. అందరూ దాన్ని కడుపులో దాచుకుని పైకి నవ్వుతారు. బాబాయ్‌కి ఆ దాపరికం లేదు. నేరుగా మనిషి ముందుకొచ్చి, రెండు చేతులూ నడుముకి పెట్టుకుని, జలుబు చేసిందని చెప్పినంత మామూలుగా "నేను ఓర్వలేకపోతున్నానయ్యా!" అని ప్రకటిస్తారు. దేన్ని ఓర్వలేకపోతున్నారో వివరంగా చెబుతారు. చెప్పి, కాసేపు దాని వైపు ఆశగా చూసి, నిట్టూర్చి, వచ్చిన దారినే వెళ్లిపోతారు.

ఆయన నాకు చుట్టమేమీ కాదు. పంట తెగుళ్ల మీద పరిశోధన చేసే మా ల్యాబులో అందరికన్నా సీనియర్ శాస్త్రవేత్త. చదువుకు తగ్గట్టు డాక్టర్ గారూ అని పిలవాలి. మొదట్లో అలాగే పిలిచేవాళ్లం. ఒకరోజు ఆఫీసు గదిలో టైపిస్టుని ఎవరో "అక్కా" అనడం ఆయన చెవిన పడింది. "చూశారా! ఆవిడకేమో చుట్టాలున్నారు, నాకేమో డిగ్రీ ఉంది. ఓర్వలేకపోతున్నా!" అన్నారు. ఆ సాయంత్రానికల్లా బిల్డింగ్ మొత్తానికి బాబాయ్ అయిపోయారు.

ఆ టైపిస్టు అక్కని మాత్రం వదిలారా? ఒక వారమంతా ఆవిడ చేతిరాత మీద పడ్డారు.

"టైపు కొట్టే చేతికి ఇంత అందమైన రాత దేనికమ్మా? దండగ కదా! నా రాత చూడు, మందుల షాపువాడు తప్ప ఇంకెవరూ చదవలేరు. ఓర్వలేకపోతున్నా!"

"పోనీ మీరు బూజు పెంచే ప్లేట్ల మీద పేర్లు నేను రాసిపెట్టనా బాబాయ్?"

"రాసిపెడతావా? అప్పుడు రోజూ చూసి రోజూ ఏడవాలి. సరే, కానివ్వు."

అలా మా బూజు ప్లేట్లన్నీ పెళ్లి శుభలేఖల్లా తయారయ్యాయి.

మరోసారి గేటు దగ్గర వాచ్‌మన్‌ని ఆపారు. "ఏమయ్యా, ఆ నడక ఎక్కడ నేర్చుకున్నావ్?"

"నడకేంటి సార్! కాలు విరిగి అతికింది. కుంటుతున్నా."

"కుంటడమా అది? రాజుగారు సభకి వస్తున్నట్టుంది. నువ్వొస్తుంటే జనం పక్కకి జరిగి దారిస్తున్నారు. నేను పరిగెత్తుకుంటూ వచ్చినా ఒక్కడూ జరగడు. ఓర్వలేకపోతున్నా!"

మర్నాటి నుంచి ఆ వాచ్‌మన్ ఛాతీ విరుచుకుని మరీ కుంటడం మొదలుపెట్టాడు.

చివరికి మా డైరెక్టర్ పెద్దసారుని కూడా వదల్లేదు. ఆయన గొడుగు మీద కన్ను పడింది. "మీది మీట నొక్కగానే విచ్చుకుంటుంది సార్. నాది విచ్చుకునేలోపు వాన వెలిసిపోతుంది. ఓర్వలేకపోతున్నా!" అన్నారు. అంతకుముందు పొద్దున్నుంచీ మొహం మాడ్చుకుని కూర్చున్న పెద్దసారు, ఆ మధ్యాహ్నమంతా వరండాలో గొడుగు తెరుస్తూ మూస్తూ తిరిగారు.

ఇలా అందరి మీదా ఏడ్చిన మనిషి నా మీద ఒక్కసారి కూడా ఏడవలేదు. అదీ నా బాధ.

మీకు నవ్వులాటగా ఉందేమో గానీ, మా ల్యాబులో బాబాయ్ ఓర్వలేకపోవడమంటే బిరుదు కింద లెక్క. "నిన్న బాబాయ్ నా లంచ్ బాక్సు మూత చూసి ఓర్వలేకపోయారు తెలుసా!" అని జనం చెప్పుకునేవారు. నా పక్క బల్ల వాడి తుమ్ముని చూసి కూడా ఓర్వలేకపోయారు. తుమ్ముని! నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. నేనేం తక్కువ? పని బాగా చేస్తానని పేరుంది. పనికొచ్చే మ్యూటెంట్లు దొరికాయంటే నాకే దొరికేవి.

అసలు మా పనేమిటో చెప్పకపోతే నా గొప్ప మీకు తెలియదు. వరికి అగ్గితెగులు అని ఒకటి వస్తుంది. ఆకుల మీద నూలు కండె ఆకారంలో మచ్చలు లేచి, పైరు కాలిపోయినట్టు అయిపోతుంది. అది తెచ్చేది ఒక బూజు. ఆ బూజులో ఒక్కోసారి ఒక్కో జన్యువుని చెడగొట్టి వేల రకాలు తయారుచేస్తాం. వాటినే మ్యూటెంట్లు అంటాం. ఒక్కోదాని స్పోర్లని, అంటే దాని విత్తనాల్లాంటి వాటిని, నీళ్లలో కలిపి ఒక్కో ట్యూబులో తీసుకుని, ఒక్కో ట్రేలో పెంచిన వరి మొలకల మీద పిచికారీ చేస్తాం. వరి ఆకు మీద ఉత్త నీళ్లు నిలవవు, జారిపోతాయి. అందుకని ప్రతి ట్యూబులో ఒక చుక్క సబ్బునీళ్లు వేస్తాం. తర్వాత ప్లాస్టిక్ సంచి కప్పి తేమగా ఉంచి, మచ్చల కోసం ఎదురుచూస్తాం.

మచ్చలు వస్తే మొహాలు వేలాడేస్తాం. రాకపోతే ఎగిరి గంతేస్తాం. ఎందుకంటే ఆకు శుభ్రంగా ఉందంటే ఆ బూజుకి రోగం తెప్పించడం చేతకాలేదన్నమాట. అందులో మేం చెడగొట్టిన జన్యువే రోగానికి తాళంచెవి అన్నమాట. లోకమంతా చేతనైనవాళ్ల కోసం వెతుకుతుంది. మేం జీతం తీసుకుని చేతకానివాళ్ల కోసం వెతుకుతాం.

"అలాంటప్పుడు వేలకు వేలు వెతకడం దేనికమ్మా? మా అబ్బాయిని తీసుకెళ్లకపోయావా?" అంది మా అత్తగారు, ఇదంతా విని.

బాబాయ్ పని ఆకులు చదవడం. భూతద్దం పట్టుకుని, ఇది అసలు మచ్చా, గోరు గీరుకున్న గుర్తా, ఎరువు ఎక్కువై మాడిన చుక్కా అని తేల్చేవారు. ఆయన "మచ్చ లేదు" అంటేనే లేనట్టు. నా ట్రేల మీద ఆయన ఎన్నిసార్లు "మచ్చ లేదు" అన్నారో! ప్రతిసారీ నేను, ఇప్పుడంటారు, ఇప్పుడంటారు అని చూసేదాన్ని. ఆయన భూతద్దం జేబులో వేసుకుని, "బాగుంది పెద్దమ్మాయ్, కానివ్వు" అని పక్క ట్రేకి జరిగిపోయేవారు.

నేనూ ప్రయత్నం చేయకపోలేదు. కొత్త కళ్లద్దాలు కొని ఆయన ముందు నాలుగుసార్లు తీసి తుడిచాను. "కంట్లో నలుసా?" అన్నారు. నాకొచ్చిన అవార్డు ఆయన బల్లకి ఎదురుగా గోడకి కొట్టించాను. "మేకు బాగా దిగింది" అన్నారు. ఆఖరికి సిగ్గు విడిచి ఆయన పక్కన నిలబడి తుమ్మాను కూడా. "ఆవిరి పట్టు" అన్నారు.

ఇంటికి వెళ్లి మా ఆయన ముందు కూలబడ్డాను. "బాబాయ్ నా మీద అసలు ఏడవడం లేదండీ!"

"పోనీ నేను ఏడవనా?"

"మీరు ఏడిస్తే ఏం లాభం? మీకన్నీ తెలిసే కదా చేసుకున్నారు."

అటువంటి సమయంలో వచ్చింది కొత్తమ్మాయి.

చదువు అప్పుడే ముగించి వచ్చింది. తాత్కాలిక ఉద్యోగం. ఏడాది చివర కమిటీ వచ్చేలోపు రోగం తేలేని మ్యూటెంట్‌ని ఒక్కదాన్నైనా పట్టుకుంటే ఉద్యోగం ఉంటుంది, లేకపోతే ఇంటికే. ఆ సంగతి పెద్దసారు మొదటిరోజే చెప్పేశారు. ఆ పిల్ల రోజంతా ట్రేల మధ్య వంగి పనిచేసేది. దాని అదృష్టం ఏమిటో, ఏ ట్రే విప్పినా మచ్చలే. ఆకు మీద చోటు చాలక మచ్చ మీద మచ్చ.

బాబాయ్ మాత్రం దాని వెనకాలే తిరగడం మొదలుపెట్టారు.

"అమ్మాయ్, నువ్వు పిచికారీ చేస్తుంటే చెయ్యి వణకదే! నేను కొడితే సగం చొక్కా మీదే పడుతుంది. ఓర్వలేకపోతున్నా!" "అమ్మాయ్, నీ జడకి ఆ రబ్బరు బ్యాండ్ ఎలా ఆగుతుంది? నాకు ఆపడానికి జుట్టే లేదు. ఓర్వలేకపోతున్నా!" "అమ్మాయ్, నువ్వు పాడుచేసిన ట్రేలు కూడా ఎంత వరసగా పేర్చావే! నా మంచి ట్రేలే అడ్డదిడ్డంగా ఉంటాయి."

పాడైన ట్రేలు! నేను శుభ్రమైన ఆకులు తెచ్చి కాళ్ల దగ్గర పెడితే కళ్లెత్తి చూడని మనిషి, ఆ పిల్ల పారేసే చెత్తని చూసి నిట్టూరుస్తున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ పిల్ల "అక్కా" అని పిలిచినప్పుడల్లా పళ్లు బిగించి "ఏంటమ్మా" అనేదాన్ని.

కమిటీ రావడానికి ఇంకా కొద్ది వారాలే ఉన్నాయనగా, ఒకరోజు మొక్కల గదిలోంచి కేక వినబడింది. పరిగెత్తాం. కొత్తమ్మాయి ఒక ట్రే ముందు నిలబడి ఉంది, ప్లాస్టిక్ సంచి చేతిలోనే పట్టుకుని. చుట్టూ ట్రేలన్నీ మచ్చలు. ఆ ఒక్క ట్రేలో ఆకులు కడిగినట్టు ఉన్నాయి.

బాబాయ్ భూతద్దం తీశారు. ఒక్కో ఆకూ తిప్పి తిప్పి చూశారు. "మచ్చ లేదు" అన్నారు.

చప్పట్లు! పెద్దసారు స్వయంగా వచ్చి ఆ పిల్ల భుజం తట్టారు. ఇక చూడండి, బాబాయ్ ఏ లెవెల్లో ఓర్వలేకపోతారో అని నేను చెవులు మూసుకోవడానికి సిద్ధపడ్డాను. ఆయన భూతద్దం జేబులో వేసుకున్నారు.

"బాగుంది అమ్మాయ్, కానివ్వు."

అంతే! నాకు చెప్పే మాటే. ఇన్నాళ్లూ రబ్బరు బ్యాండ్ మీద కూడా ఏడ్చిన మనిషి, అసలు ఏడవాల్సిన చోట ఏడవలేదు. నాకు కొంచెం సంతోషం వేసిన మాట నిజం. కానీ ఏమీ అర్థం కాలేదు.

ఒకసారి శుభ్రంగా వచ్చినంత మాత్రాన మా దగ్గర చెల్లదు. మళ్లీ కొత్త మొలకల మీద కొట్టి చూడాలి. ఆ పిల్ల కొట్టింది. ఆ వారం దాని మొహంలో వెలుగు చూడలేక నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. తీరా సంచి విప్పేసరికి, మచ్చలు. ఆకుకొసల దాకా మచ్చలు.

నేను అప్పుడు అదే గదిలో, ఇనుప అరల వెనక నా మొలకలకి నీళ్లు పోస్తున్నాను. ఆ పిల్ల నన్ను చూడలేదు. బాబాయ్‌ని పిలిచి చెబుతోంది.

"మొదటిసారి కొట్టేటప్పుడు అమ్మ ఫోన్ చేసింది బాబాయ్. మాట్లాడి వచ్చి, ఆ ట్యూబులో సబ్బు చుక్క వేయకుండా కొట్టేశాను. ఇప్పుడు ఉత్త నీళ్లు చల్లి చూశా. అన్నీ జారి మట్టిలో పడిపోయాయి. బూజుకి చేతకాకపోవడం కాదు, నాకే చేతకాలేదు. అసలు అది ఆకు మీద నిలబడితే కదా! పెద్దసారు కమిటీకి కూడా రాసేశారు. నేను రేపటి నుంచి రాను."

నేను అరల సందులోంచి చూశాను. బాబాయ్ రెండు చేతులూ నడుముకి పెట్టుకున్నారు.

"నేను ఓర్వలేకపోతున్నానమ్మా!"

"దేనికి బాబాయ్? ఇంకేముంది నా దగ్గర?"

"ఇంకేముందా? నేనూ నీ వయసులో ఇదే పని చేశా. ఇదే సబ్బు చుక్క. నాకు తెలియలేదు. పత్రికలో అచ్చువేసేశా. మా నాన్న దాన్ని పటం కట్టించి గోడకి పెట్టాడు. తర్వాత ఎవడో పక్క ల్యాబువాడు చేసి చూసి, తప్పని రాశాడు. ఊళ్లో అందరూ చదివారు. మా నాన్న పటం దించలేదు, అది ఇంకా గోడకే ఉంది. నీ తప్పు ఎవరు పట్టుకున్నారు? నువ్వే! ఎక్కడ? ఈ నాలుగు గోడల మధ్య! ఎవరికి తెలుసు? నీకూ, నాకూ, ఆ అరల వెనక నక్కి నీళ్లు పోస్తున్న పెద్దమ్మాయికీ! ఇంత అదృష్టం నాకెందుకు పట్టలేదు? ఓర్వలేకపోతున్నా!"

ఆ పిల్ల ఏడుస్తూనే పకాలున నవ్వింది. నా చేతిలో నీళ్ల డబ్బా జారి కాలి మీద పడింది.

ఆ నొప్పిలో నాకు అన్నీ ఒకదాని వెంట ఒకటి గుర్తొచ్చాయి. టైపిస్టు అక్క చేతిరాత మీద ఆయన పడ్డ వారమే ఆవిడకి కుదిరిన సంబంధం తప్పిపోయింది. వాచ్‌మన్ కాలు విరిగి వచ్చినప్పుడు, ఇక వీడేం పనికొస్తాడు అని ఆఫీసులో గుసగుసలు నడిచాయి. గొడుగు చూసి ఓర్వలేకపోయిన రోజున, పెద్దసారు రెండేళ్లు కష్టపడి రాసిన వ్యాసం పత్రిక నుంచి తిరిగొచ్చింది. తుమ్మిన వాడు ఆ ముందురోజే పెద్ద మిషను పాడుచేసి ఉద్యోగం పోతుందని వణుకుతున్నాడు. మునిగిపోయేవాళ్లనే వెతుక్కుంటూ వెళ్లి, వాళ్ల దగ్గర ఇంకా ఏదో మిగిలుందని, అది చూసి తనకి కడుపు మండుతోందని చెప్పి వస్తున్నారీయన. నాకు ఏ కష్టమూ రాలేదు కనుక నా దగ్గరికి రాలేదు.

ఇంత మంచితనం అర్థమయ్యాక మనిషన్నవాడికి కళ్లు చెమర్చాలి. నాకు మాత్రం ఇంకా మండింది. ఇన్నేళ్ల ఉద్యోగంలో నాకు చెప్పుకోదగ్గ కష్టం ఒక్కటి కూడా రాకపోవడం ఏమిటి, నా ఖర్మ కాకపోతే!

కొత్తమ్మాయి మానేయలేదు. పెద్దసారు దగ్గరికి వెళ్లి తన తప్పు తనే చెప్పింది. తన మీద తనకే నమ్మకం పోయి, ఆ రోజు కొట్టిన మ్యూటెంట్లన్నిటినీ, సబ్బు చుక్క వేసి, ట్రేకి ట్రేకి మధ్య అట్ట అడ్డుపెట్టి, మళ్లీ మొదటి నుంచి కొట్టింది. సంచులు విప్పితే, మొదటిసారి మచ్చలొచ్చిన ఒక ట్రే ఈసారి శుభ్రంగా ఉంది. అప్పుడు పడిన మచ్చలు పక్క ట్రే నుంచి ఎగిరొచ్చిన తుంపరలవి. ఎవరూ నమ్మలేదు. మళ్లీ కొట్టింది, మళ్లీ శుభ్రం. ఆకుని సూదితో గుచ్చి అక్కడ ఆ బూజుని పెడితే మాత్రం మచ్చ వచ్చింది. అంటే బతికే ఉంది, తలుపు పగలగొట్టడం రాని దొంగ అన్నమాట. లోపలికి మనమే తీసుకెళ్తే ఇల్లంతా ఊడ్చేస్తుంది. కమిటీ వాళ్లు ఆ ఆకుల్ని చేతుల్లోకి తీసుకుని మరీ చూశారు. ఆ పిల్ల ఉద్యోగం నిలబడింది.

తర్వాత కొన్నాళ్లకి నా బల్ల దగ్గరికి వచ్చి దిగులుగా నిలబడింది. "అక్కా, బాబాయ్‌కి నా మీద కోపం వచ్చిందా? ఈమధ్య అసలు ఓర్వలేకపోవడం లేదు."

"కూర్చో. నా పక్కన చోటుంది" అన్నాను. మొదటిసారి పళ్లు బిగించకుండా.

ఇద్దరం అలా ఏడుపుకి నోచుకోకుండా బతుకుతుండగా, ఒకరోజు బాబాయ్ నా ట్రే చూసి "మచ్చ లేదు" అన్నారు. నేను చూశాను. ఉంది. ఒకటి కాదు, ఆకుకి రెండు మూడున్నాయి. నేను చెప్పేలోపే ఆయనకి అనుమానం వచ్చింది. ఆకుని వెలుగులోకి తిప్పారు, భూతద్దం తుడిచారు, మళ్లీ తుడిచారు. తప్పు అద్దంలో లేదు. కంటి డాక్టరు చూసి, రెండు కళ్లకీ శుక్లాలు, ఒకదాని తర్వాత ఒకటి ఆపరేషన్ చేయాలి, అప్పటిదాకా సన్నపని మానేయాలి అన్నాడట.

బాబాయ్ మొక్కల గదిలో స్టూలు మీద కూర్చున్నారు. భూతద్దం ఒళ్లో ఉంది. టైపిస్టు అక్క వచ్చి ఏమీ తోచక వెళ్లిపోయింది. వాచ్‌మన్ గుమ్మం దాకా కుంటుకుంటూ వచ్చి ఆగిపోయాడు. ఓర్వలేని మనిషిని చూసి ఓర్వలేకపోయేవాళ్లు ఎవరూ లేరు.

నేను వెళ్లి ఎదురుగా నిలబడి, రెండు చేతులూ నడుముకి పెట్టుకున్నాను. "నేను ఓర్వలేకపోతున్నాను బాబాయ్!"

ఆయన తలెత్తారు. "దేనికి?"

చచ్చానురా దేవుడా అనుకున్నాను. దేనికో ఆలోచించుకోకుండానే వచ్చేశాను. చొక్కా చూశాను, దాని మీద పిచికారీ మరకలు. జుట్టు చూశాను, అది లేదు. "మీ... మీ అసిస్టెంటుని చూసి."

"నాకు అసిస్టెంటు ఎక్కడుంది?"

"నేనే. రేపట్నుంచి మీ పక్కనే కూర్చుంటాను. ఆకు మీద ఏముందో నేను చూసి చెబుతాను, అది మచ్చో కాదో మీరు చెప్పండి. అవార్డు వచ్చిన మనిషి, కొత్త కళ్లద్దాలు, మేకు దిగేలా పని చేస్తుంది. ఇంత మంచి అసిస్టెంటు నాకు ఒక్కనాడైనా దొరికిందా? మీకు ఉత్తపుణ్యానికి దొరికింది. నా కడుపు మండిపోతోంది బాబాయ్!"

బాబాయ్ కళ్లు చికిలించి నన్ను చూశారు. నేను మసగ్గానే కనబడి ఉంటాను. మెల్లగా లేచారు. భూతద్దం నా చేతిలో పెట్టి, తన చేతులు రెండూ నడుముకి పెట్టుకున్నారు.

"పెద్దమ్మాయ్! ఇన్నేళ్లుగా నేను ఓర్వలేకపోతున్నా, ఒక్కసారి కూడా ఇంత బాగా కుదరలేదు. నువ్వు మొదటిసారికే ఇంత గొప్పగా ఎలా ఓర్వలేకపోయావ్? ఓర్వలేకపోతున్నానమ్మా!"

నేను ఇంటికి ఎలా వెళ్లానో తెలియదు. "ఏమండీ! బాబాయ్ నన్ను చూసి ఓర్వలేకపోయారు!"

"హమ్మయ్య! ఇప్పుడైనా సంతోషమేనా?" అన్నారు మా ఆయన.

సంతోషమే. కానీ కాఫీ సగం తాగి కప్పు కింద పెట్టేశాను. బాబాయ్ ఓర్వలేకపోయారంటే, ఆ మనిషికి ఏదో మూడిందన్నమాటే కదా! కూర్చోబెట్టి మా ఆయనకి బీపీ చూశాను. బాగానే ఉంది. అత్తగారికి ఒంట్లో ఎలా ఉందని అడిగాను. "ఇప్పటిదాకా బాగానే ఉంది, నువ్వడిగాకే కాస్త భయంగా ఉంది" అంది. పొద్దున్నే ల్యాబుకి పరిగెత్తి నా ట్యూబులన్నీ చూశాను. అన్నిట్లో సబ్బు చుక్క ఉంది. పెద్దసారు గదిలోకి తొంగి చూశాను. "ఏమ్మా, అంతా బాగుందా?" అని నవ్వారు.

ఏ కష్టమూ లేదు. ఎంత వెతికినా లేదు.

అప్పుడు గాని నాకు తట్టలేదు. టైపిస్టు అక్క మీదా, వాచ్‌మన్ మీదా, పెద్దసారు మీదా, కొత్తమ్మాయి మీదా ఏడ్చిందంతా ఉత్తుత్తిదే. బాబాయ్ నిజంగా, మనస్ఫూర్తిగా ఓర్వలేకపోయింది ఈ లోకంలో నన్నొక్కదాన్ని చూసే. ఆ మాట ఇంతవరకూ వాళ్లెవరికీ చెప్పలేదు. చెబితే ఓర్వలేరు.